సముద్రంలో కంచె

ఎల్ గర్సా, కెర్కెన్నా దీవులు
ఫిబ్రవరి, బాదం పూసిన వారం

తమ్ముడూ, మోంజీ,

ఉత్తరం విప్పగానే ఆక్టోపస్ వాసన కొడితే నన్ను తిట్టకు, హమ్మాదీని తిట్టు. పోస్టులో వేస్తే నీకంటే ముందు స్ఫాక్స్‌లో ఇద్దరు ముగ్గురు చదువుతారు. నా చేతిరాత మీద వాళ్ళకి అంత ప్రేమ అక్కర్లేదు. అందుకే హమ్మాదీ లారీలో ఎండు ఆక్టోపస్ పెట్టెల అడుగున దాచి పంపుతున్నాను. మార్సేయిలో అతని బావమరిది అందుకుని నీకు చేరుస్తాడు. నువ్వూ అదే దారిన రాయి.

ఇక వార్త. పార్లమెంటు ఎన్నికలకి మన ప్రాంతంలో ఊదారంగు జాబితా నిలబెడుతున్నాం. అందులో మొదటి పేరు నాది. నవ్వకు. మొదట లాయరు తిజానీ గారి పేరే అనుకున్నాం. పోయిన వారం ఆయన్ని పన్ను ఎగ్గొట్టాడని పట్టుకుపోయారు. గద్దె మీదున్న ఎర్రపార్టీతో చెడి బయటికొచ్చిన మనవాళ్ళలో మిగిలినవాళ్ళంతా ఆయన వరండాలో కూర్చుని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మూడో తరగతికి ఎక్కాలు చెప్పుకునే నేను చెయ్యెత్తాను. రోజంతా చేతులెత్తే పిల్లల్ని చూసి చూసి నాకూ అలవాటైపోయిందేమో.

అత్తకి చెప్పాను. ఖర్జూర మట్టలకి ఆకులు దూస్తూ కూర్చుంది, తలెత్తలేదు. నాన్న పోయాక మనిద్దర్నీ పెంచిన మనిషి కదా, తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. మర్నాడు పొద్దున రొట్టె తుంచకముందే కల చెప్పింది. మనింటి పద్ధతి నీకు తెలుసుగా, మంచి కలైతే రొట్టెకి ముందే చెప్పాలి, చెడ్డదైతే ఎడమవైపు ఊసి మింగెయ్యాలి. సముద్రం బాగా వెనక్కి తీసిందట. నీళ్ళలో మనం పాతిన చేపల కంచె వెంబడి, నీళ్ళు చీలమండల దాకానే ఉంటే, నువ్వు ఆ చివర్నించి నడిచి వస్తున్నావట. బూట్లు విప్పి చేతిలో పట్టుకున్నావట.

"మొహం ఎలా ఉందత్తా?" అనడిగాను.

"మొహం ఎక్కడ చూశానే, బూట్లు తడుస్తాయేమోనని వాటినే చూస్తున్నా" అంది.

ఇక్కడ గాలి ఇంకా చల్లగానే ఉంది. పొద్దుటిపూట మంచు దిగితే నీరెక్కడో ఆకాశమెక్కడో తెలీదు. పడవలు గాల్లో నిలబడి ఉంటాయి. అక్కడ ఏ దేశమైనా మనవైపు చూస్తోందా? చూస్తుంటే ఏం చూస్తోందో రాయి.

నీ అక్క
షెద్లియా

*

బ్రస్సెల్స్
మార్చి మొదట్లో, వాన

అక్కా,

ఉత్తరాన్ని మూడు రోజులు దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. కింద రొట్టెల కొట్టువాడు పైకొచ్చి ఈ గదిలో ఏదైనా చచ్చిందా అనడిగాడు. లేదు, మా ఊరొచ్చిందన్నాను.

భయమేస్తోంది, గర్వంగానూ ఉంది. రెండూ కలిసి నిద్ర రానివ్వడం లేదు. ఎలాగోలా పట్టిందంటే అందులో నువ్వు నల్లబల్ల ముందు నిలబడి మంత్రులందరిచేతా ఏడో ఎక్కం చెప్పిస్తుంటావు.

నా సంగతి. మన పక్షానికి ఇక్కడ విదేశాంగ మంత్రి, గుమస్తా, చాయ్ కాచేవాడు, అన్నీ నేనే. ఇక్కడి విదేశాంగ కార్యాలయంలో మన దేశం వ్యవహారాలు చూసే అధికారిణి ఒకావిడ ఉంది, మదాం ఫెర్లిండెన్. నెమ్మదైన మనిషి. నేను వెళ్ళినప్పుడల్లా కాఫీ, పక్కన ఒక్క బిస్కట్టు పెడుతుంది. చెప్పిందంతా రాసుకుంటుంది. ఆవిడ గదిలో గోడకి మన దేశం పటం ఉంది. దాన్ని గోడకి బిగించిన గుండుసూది సరిగ్గా మన దీవుల మీదే గుచ్చారు. కెర్కెన్నా ఎక్కడని ఆవిడ అడిగితే, ఆ సూది కింద అన్నాను.

ఎన్నికలయ్యాక మే నెలలో ఇక్కడివాళ్ళు మన ప్రభుత్వంతో పెద్ద ఒప్పందం చేసుకోబోతున్నారు. చేపలు, ఆలివ్ నూనె, ఓడలకి దారి, చాలా ఉన్నాయి అందులో. సంతకానికి ముందు ఎన్నికలు సక్రమంగా జరిగాయన్న మాటొకటి వీళ్ళకి కావాలి. అక్కడే మనకి సందు. బతిమాలి, బతిమాలి ఒకటి సాధించాను. అక్కడున్న వీళ్ళ రాయబారి స్వయంగా మన దీవికొచ్చి నిన్ను కలుస్తాడు. పరాయి కన్నొకటి నీమీద ఉంటే నిన్ను తిజానీ గారిలా పట్టుకుపోవడానికి జంకుతారు.

పాస్‌పోర్టు సంగతి అడగొద్దు. గడువు తీరి నాలుగేళ్ళు. మన ఎంబసీ కిటికీ దగ్గర నిలబడితే లోపలివాడు నన్ను దాటి నా వెనక గోడని చూస్తాడు.

అత్తకి చెప్పు, నా బూట్లు తడవలేదని. ఇక్కడ రోజూ తడుస్తూనే ఉన్నాయి గానీ చెప్పకు.

నీ
మోంజీ

*

ఎల్ గర్సా
మార్చి చివర

అయ్యా విదేశాంగ మంత్రి గారూ,

మీ రాయబారి వచ్చారు, వెళ్ళారు. మెరిసే బూట్లు, గడ్డి టోపీ, మంచి నవ్వు. మనిషి చెడ్డవాడు కాదు. బార్లీ కుస్కుస్, ఎండు ఆక్టోపస్ పెట్టాం. హరిస్సా కారం ఘాటుకి కళ్ళనీళ్ళొస్తుంటే మా కష్టాలు విని కరిగిపోయాడని పక్కింటివాళ్ళు మురిసిపోయారు.

తిన్నాక సముద్రం చూస్తానన్నాడు. అత్త కంచె దాకా తీసుకెళ్ళి, సముద్రంలో మట్టలెందుకు పాతారో చెప్పింది. నీళ్ళు తీసేటప్పుడు చేప కంచె పట్టుకుని నడుస్తుంది, వెనక్కి తిరగడం దానికి రాదు, నడిచి నడిచి చివరికి బుట్టలో కూర్చుంటుంది అంది. అంతలో గాలికి ఆయన టోపీ ఎగిరి నీళ్ళలో పడింది. పరిగెత్తబోతే అత్త చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎక్కడికీ పోదు నాయనా. మా సముద్రంలో ఏది పడ్డా ఎవరో ఒకరి బుట్టలోకి రావలసిందే."

ఆయన నవ్వి, టోపీ లేకుండానే పడవెక్కాడు. మర్నాడు పొద్దున అది మన బుట్టలో రెండు ముల్లెట్ చేపల పక్కన ఉంది. తిరిగి పంపుదామంటే అత్త ఒప్పుకోలేదు. ఎవరి కంచెలోకి వచ్చింది వాళ్ళదే, తాతల నాటి మాట, రాయబారైతే మాత్రం ఏమిటంది. ఎండబెట్టి గాడిద కొట్టంలో మేకుకి తగిలించింది.

ఇప్పటిదాకా నవ్వావు కదా, ఇక చాలు. ఆ రోజు భోజనానికి కెమెరా మెళ్ళో వేసుకుని ఒకడొచ్చాడు. ప్రాంతాధికారి మనిషని అందరికీ తెలుసు. కానీ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాక తినకుండా పొమ్మనడం మనకి చేతనవునా? అత్త వాడికి రెండోసారి కూడా వడ్డించింది. మన తిండి తిని మన ఫొటోలే తీసుకుపోయాడు. రెండు రోజుల తర్వాత పేపర్లో నేను పావడా మోకాళ్ళ దాకా ఎత్తి, నీళ్ళలో నిలబడి, రాయబారికి చెయ్యందిస్తున్నాను. కింద "పరాయి దేశాల అభ్యర్థిని" అని రాశారు. టోపీ కథ కూడా పాకింది. రాయబారి టోపీ ఆ ఇంట్లోనే ఉందట అంటున్నారు. ఎందుకుందో ఎవడి ఇష్టమొచ్చినట్టు వాడు చెప్పుకుంటున్నాడు. నా తరగతిలో పిల్ల ఒకత్తి, మీరు ఫ్రెంచాయన్ని పెళ్ళాడి వెళ్ళిపోతారా టీచర్ అనడిగింది. నిన్నటిదాకా నా చేతిలోంచి ఊదారంగు కాగితం అందుకున్న మంగలి ఇవాళ దువ్వెన వెతుక్కుంటూ లోపలికి పోయాడు.

నన్ను కాపాడాలనే పంపావు, తెలుసు. కానీ తమ్ముడూ, ఇక్కడ గెలవాలంటే నేను ఈ ఊరిదాన్నిగా కనబడాలి. ఇంక టై కట్టినవాణ్ణి ఒక్కణ్ణి కూడా పంపకు.

ఇంకో మాట. ఓటు వేసే పద్ధతి నువ్వు మరిచిపోయి ఉంటావు. హాల్లో బల్ల మీద ఎర్ర కాగితం, ఊదా కాగితం తీసుకుని తెర వెనక్కి వెళ్ళాలి. ఒకటి కవర్లో పెట్టి పెట్టెలో వెయ్యాలి, రెండోది చేతిలో మిగులుతుంది. ఈసారి మన ఊరి పెత్తనం చేసే ఉమ్దా, ఫరజ్ గారు గుమ్మంలో నిలబడి, మిగిలిన కాగితం ఏ రంగో చూస్తాడట. పడవ పత్రాల మీద సంతకం పెట్టేది ఆయనే. చేతిలో ఎర్రది మిగిలినవాడి పడవ ఒడ్డునే ఉంటుంది.

చివరగా చెప్పాలనుకోలేదు గానీ చెప్తున్నాను. మొన్న ప్రాంతాధికారి మనింటికి వచ్చి అత్తతో టీ తాగాడు. నేను బడి నుంచి వచ్చేసరికి గ్లాసులు కడుగుతోంది. సాయంత్రం కొట్లో అందరూ వింటుండగా, "నా ఓటు ఎర్రదానికే, రాసుకోండి" అందట. నాతో మాత్రం ఏమీ అనలేదు. ఆ రోజు నుంచీ కలలు కూడా చెప్పడం లేదు. పొద్దున లేచి ఎడమవైపు ఊస్తుంది, రొట్టె తుంచుతుంది.

నాకు బాగా కష్టంగా ఉంది మోంజీ.

షెద్లియా

*

బ్రస్సెల్స్
ఏప్రిల్

అక్కా,

రాయబారి విషయంలో నాది తప్పే. ఇంకెవరినీ పంపను.

నీ ఆరోగ్యం జాగ్రత్త. బడి, ప్రచారం రెండూ మొయ్యలేవు. నాకో ఆలోచన వచ్చింది, కోపగించుకోకుండా చదువు. ఇంకా గడువుంది కదా, పేరు వెనక్కి తీసుకుంటే నష్టమేముంది? ఎటూ లెక్కలు వాళ్ళ చేతిలోనే ఉంటాయి. ఒక ఎన్నిక పోతే ఇంకోటి వస్తుంది. అత్త పెద్దదైంది. ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకోకుండా ఉండటం మంచిది కాదు. ఆమెకి కావలసింది ఏమిటో నువ్వు కూడా ఒకసారి ఆలోచించు.

ఇక్కడ వాన తగ్గింది.

మోంజీ

*

ఎల్ గర్సా
ఏప్రిల్, దానిమ్మ చిగురించింది

మోంజీ,

ఈ ఉత్తరం ఎవరు రాశారు? చేతిరాత నీదే. ఆక్టోపస్ వాసన కూడా సరిగ్గానే ఉంది. కానీ మా తమ్ముడు పదహారేళ్ళప్పుడు బడి గోడ మీద ఊదారంగు సున్నం పూసి ఫరజ్ గారి చేత చెంపదెబ్బలు తిన్నవాడు. ఒక ఎన్నిక పోతే ఇంకోటి వస్తుంది అనడు.

నేను తప్పుకోను. తప్పుకోలేను కూడా. ఇక్కడ ఒకటి జరుగుతోంది, నా చెయ్యి దాటి జరుగుతోంది. సాయంత్రాలు ఆడవాళ్ళు ఏదో ఒక వంకతో వస్తున్నారు. ఒకావిడ ఉప్పు కావాలంటుంది, ఇంకొకావిడ పిల్లాడికి లెక్క రాలేదంటుంది. పోతూ పోతూ చెయ్యి చాపుతారు. మనం అచ్చు వేయించిన ఊదా కాగితం ఒకటి పెడతాను. ఒంటికి చుట్టుకున్న మేలియా అంచుమడతలో కుట్టేసుకుని పోతారు. మొగుడికొకటి, మరిదికొకటి అని ఇంకా అడుగుతారు. వాళ్ళు చెప్పకుండానే నాకు అర్థమైంది. హాల్లో తీసుకున్న ఊదాది తెర వెనక కవర్లో పెడతారు, ఇంటి నుంచి తెచ్చిన ఊదాది ఫరజ్ గారికి చూపిస్తారు. ఎర్రది బట్టల్లో దాక్కుంటుంది. ఎవరు కనిపెట్టారో నాకు తెలీదు. నేనైతే కాదు. లెక్కల టీచర్ని అయ్యుండి నాకు తట్టలేదు చూడు.

అత్త మాత్రం అడగలేదు. నేను ఇవ్వలేదు. ఆమె మట్టలు దూస్తూంటే పక్కన కూర్చుని నేను కుడతాను. ఇద్దరి మధ్యా దీపం ఉంటుంది, అంతే.

నిజం రాయి. నువ్వు దాచినా ఉత్తరంలో తెలిసిపోతోంది.

అక్క

*

బ్రస్సెల్స్
ఏప్రిల్, నీ ఉత్తరం అందిన రోజే

అక్కా,

మన ఎంబసీవాళ్ళు పిలిచారు. నాలుగేళ్ళుగా నన్ను దాటి గోడని చూసినవాడు ఈసారి కుర్చీ వేశాడు. నా పాత పాస్‌పోర్టు బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి ఉంచి మాట్లాడాడు. ఎల్ గర్సా ఎర్రరంగుకి నిలబడితే ఇది కొత్తదై నా చేతికొస్తుందట. మీ అక్క తప్పుకుంటే ఇంకా తొందరగా వస్తుందట. తర్వాత అసలు మాట చెప్పాడు.

"మీ అత్తగారు మాటిచ్చేశారు. మీకోసమే ఇచ్చారు."

ప్రాంతాధికారి వచ్చి టీ తాగింది అందుకే అక్కా. అత్త కొట్లో అరిచి చెప్పింది ఎర్రరంగు మీద ప్రేమతో కాదు. నేను రావాలని.

నేను వెంటనే కాదనలేదు. గదికొచ్చి నీకు ఆ ఉత్తరం రాశాను. నాకు ఇంటికి రావాలని ఉంది. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు. ఇక్కడ కళ్ళు మూసుకుంటే నీళ్ళు చీలమండల దాకా వస్తాయి, తెరిస్తే ట్రాము గంట. పార్టీ, దేశం, ఒప్పందం ఇవన్నీ పక్కకి జరిగి అత్త ఒక్కతీ రొట్టె తుంచుతూ కనబడుతుంది. నిన్ను తప్పుకోమన్నాను. సిగ్గుగా ఉంది. తప్పుకోకు.

ఇంకొకటి కూడా ఉంది. మదాం ఫెర్లిండెన్‌ని కలిశాను. ఇవాళ బిస్కట్లు రెండు పెట్టింది, అప్పుడే అనుమానం వచ్చింది. పైవాళ్ళు సంతకానికి తొందరపడుతున్నారట. ఎన్నికలవగానే అభినందన పంపడానికి కాగితం సిద్ధంగా ఉందట. రేపు లెక్క తప్పుగా చెప్పారని తను నమ్మినా, ఆ నమ్మకం చాలదంది. "చేతిలో పెట్టడానికి ఏదైనా తీసుకురండి, ఒక్కటైనా చాలు, నేను ఫైలు ఆపుతాను" అంది. ఆవిడ ఆపగలదు, నాకు తెలుసు.

నీ దగ్గర అలాంటిదేమైనా ఉంటుందా? ఉంటే పంపు.

అత్తతో ఈ సంగతి అనకు. తనే చెప్పనీ.

మోంజీ

*

ఎల్ గర్సా
ఏప్రిల్ ఆఖరు

తమ్ముడూ,

నీ ఉత్తరం ఎన్నికల ముందు రోజు చేరింది. చదివి పొయ్యిలో వేశాను. అత్త వైపు చూడలేకపోయాను. ఇన్నాళ్ళూ మనసులో ఆమెని ఎన్ని మాటలన్నానో నాకే తెలుసు.

ఎన్నికలు పండగలా జరిగాయి. అందరూ ఉతికిన బట్టలు కట్టుకొచ్చారు. ఫరజ్ గారు గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి చేతిలో ఊదా కాగితం చూసి, సంతోషంగా తల ఊపుతూ సాయంత్రానికి మెడ నొప్పి తెచ్చుకున్నాడు. రాత్రికి రేడియోలో చెప్పారు. మన ఊళ్ళో ఊదారంగుకి పదకొండు ఓట్లు. విని నేనే నమ్మేశాను మోంజీ. అంచుల్లో కుట్టుకున్నవాళ్ళంతా చివరి క్షణంలో భయపడి ఉంటారనుకున్నాను. భయపడటంలో తప్పేముంది, పడవలు వాళ్ళకి అన్నమే కదా అనుకున్నాను. ఏడుపు రాలేదు.

తెల్లవారాక అత్త లేపింది. బుట్ట తియ్యాలి రమ్మంది. మంచు దిగి ఉంది. నీరు బాగా తీసింది. ఇద్దరం కంచె పట్టుకుని నడిచాం. కొంత దూరం పోయాక మట్టల మధ్య ఎర్రగా ఏదో అంటుకుని ఉంది. పువ్వేమో అనుకున్నాను. ఇంకాస్త ముందుకెళ్తే మళ్ళీ ఎర్రగా. కంచె పొడుగునా ఉన్నాయి. నా కాళ్ళ చుట్టూ తేలుతూ మెల్లగా, ఒకదాని వెనక ఒకటి, మేం నడిచే వైపే నడుస్తున్నాయి. కల కంటున్నానేమో అని నీళ్ళు మొహాన కొట్టుకున్నాను.

బుట్ట దగ్గరికొచ్చేసరికి చేపలు కనబడలేదు. అంతా ఎర్ర కాగితాలే.

అప్పుడర్థమైంది నా మతిమరుపు. ఊదా కాగితాలు పంచాను గానీ మిగిలిన ఎర్రదాన్ని ఏం చెయ్యాలో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కాలిస్తే పొగ, పారేస్తే ఆనవాలు. అందుకని ఎవరికి వాళ్ళు ఇంటికి పోతూ పోతూ, రెండోవాళ్ళకి చెప్పకుండా, సముద్రంలో వేశారు. పుట్టిన దగ్గర్నుంచీ ఈ నీళ్ళలో బతికినవాళ్ళు, రాయబారి టోపీ కథ విని నెల్లాళ్ళు నవ్వినవాళ్ళు, ఏ ఒక్కరికీ గుర్తు రాలేదు చూడు, మన సముద్రంలో పడింది ఎక్కడికీ పోదని.

వాటిని ఎత్తడానికి చేతులు చాల్లేదు. అత్త వెనక్కెళ్ళి గాడిద కొట్టంలోంచి రాయబారి టోపీ తెచ్చింది. అందులోకి తోడాం. నేను పెదాలు కదుపుతుంటే పసిగట్టింది.

"లెక్కపెట్టకే. బుట్టలో పడ్డదాన్ని లెక్కపెడితే బరకత్ పోతుంది. చూస్తే తెలియట్లా?"

చూస్తే తెలుస్తోంది. టోపీ మూడుసార్లు నిండింది. ఒక్కో ఎర్రదీ పెట్టెలో పడిన ఒక ఊదా ఓటే. మనం గెలిచాం మోంజీ. ఊరు మొత్తం నా వైపే ఉంది, ఒకరికొకరు చెప్పుకోకుండా.

అప్పుడే ఒకటి కనబడింది. మిగతావన్నీ నలిపి, ఉండ చుట్టి, చింపి ఉన్నాయి. ఇది మాత్రం ముక్కోణంగా, మూడు మడతలు పెట్టి, కొస లోపలికి దోపి ఉంది. అలా మడిచేది ఈ దీవుల్లో ఒక్కరే. నువ్వు వెళ్ళేటప్పుడు నీ చొక్కా లోపల కుట్టిన తాయెత్తు గుర్తుందా? నా కుట్టు డబ్బాలో ఊదా కాగితమొకటి తగ్గిందని అంతకుముందు రోజే అనుమానం వచ్చింది, లెక్క నేనే తప్పానేమో అనుకున్నాను.

దాన్ని అరచేతిలో పెట్టి ఆమెకి చూపించాను. నీళ్ళు ఎక్కడం మొదలైంది. తర్వాత చెప్పింది, ఆ అధికారి తన టీ తాగి నిన్నిస్తానన్నాడట, అతిథిగా వచ్చి కూర్చున్నవాణ్ణి ఎలా కాదంటాను, సరే అన్నాను అంది. ఊదాది వెంట పెట్టుకున్నా, తెర వెనక్కి వెళ్ళేదాకా నిజంగా ఎర్రదే వేద్దామనుకుందట.

"మరి ఎందుకు వెయ్యలేదత్తా?"

"వాడు ఈ ఊరొదిలి పోయిందే దానికోసం కదే. ఎర్రదేసి రప్పిస్తే, వచ్చేది వాడు కాదు, వాడి చొక్కా."

అని కంచె గుంజ పట్టుకుని నీళ్ళలోనే కూర్చుండిపోయింది. అత్త ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నేనూ పక్కన కూర్చున్నాను. ఇద్దరికీ నడుముల దాకా నీళ్ళు.

నువ్వడిగిన సాక్ష్యం నా చేతిలో ఉంది. మూడు టోపీలు. మదాం బల్ల మీద కుమ్మరిస్తే ఒప్పందం ఆగుతుందేమో. కానీ అవి ఎల్ గర్సా సముద్రంలో దొరికాయని పైవాళ్ళకి తెలిస్తే ఫరజ్ గారు ఒక్క పడవని కూడా కదలనివ్వడు. ఊరంతా ఎండుతుంది. నన్ను నమ్మి దాచుకున్నవాళ్ళని నేనెలా బయటపెట్టను? అత్తా నేనూ కంచె మొదట్లో బురద తవ్వి, టోపీతో సహా పూడ్చి, పైన కొత్త మట్టలు పాతాం. కాళ్ళతో తొక్కి చదును చేశాం.

ఒక్కటి మాత్రం పంపుతున్నాను, ఆ ముక్కోణం. ఒక్కటి చాలన్నావు. ఏం చెయ్యాలో నువ్వే చూసుకో, నేను అడగను.

ఇక నువ్వు రాలేవు. ఆ సంగతి ఆమెకి తెలుసు, నాకు తెలుసు. మా ఇద్దరినీ క్షమించు.

నీ అక్క

*

బ్రస్సెల్స్
మే, ఎండ

అక్కా,

ముక్కోణం చేరింది. ఉప్పు అట్టకట్టి, అంచులు పెళుసెక్కి ఉంది. కొస లాగి విప్పబోయి ఆగిపోయాను. అలాగే చొక్కా జేబులో పెట్టుకుని మదాం ఫెర్లిండెన్ దగ్గరికి వెళ్ళాను.

కాఫీ వచ్చింది. అభినందన కాగితం ఆవిడ బల్ల మీదే ఉంది, పైవాళ్ళ సంతకాలన్నీ అయిపోయి. కిటికీలోంచి ఎండ పటం మీద పడి గుండుసూది మెరుస్తోంది.

"ఏమైనా తెచ్చారా?" అని అడిగింది. అడిగిన తీరులో ఆశ ఉంది అక్కా. నేను తేవాలనే ఆవిడ కోరుకుంది.

నా చెయ్యి జేబులో ఉంది. వేళ్ళకి అత్త మడత తగులుతోంది. ఏ ఊరు, ఎవరి కంచె అని ఆవిడ అడగక తప్పదు, నేను చెప్పక తప్పదు. ఏమీ లేదన్నాను. ఆవిడ కలం మూసి ఆ కాగితాన్ని ఎడమవైపు నుంచి కుడివైపుకి జరిపింది. అంతే, పని అయిపోయింది. వస్తూంటే నాకు జలుబు చేసిందా అనడిగింది.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగు రోజుల తర్వాత ఎంబసీవాళ్ళు పిలిచారు. పాత కుర్చీయే. ఈసారి అరచెయ్యి అడ్డం లేదు.

"మీ ఊరు చక్కగా నిలబడింది. పదకొండే పోయాయి. మీ అత్తగారు మాట మీద నిలబడే మనిషి."

కొత్త పాస్‌పోర్టు నా ముందుకి తోశాడు.

అక్కా, లెక్క మార్చింది వాళ్ళే, ఆ లెక్కని నమ్మిందీ వాళ్ళే. ఎల్ గర్సాలో ఓడిపోయామని వాళ్ళలో ఏ ఒక్కడూ పైవాడికి చెప్పి ఉండడు. అబద్ధం అక్కడ ఫరజ్ గారి దగ్గర మొదలై, మెట్టు మెట్టుగా పైకెక్కి, సముద్రం దాటి, ఇక్కడి కిటికీలోంచి నా చేతికి పాస్‌పోర్టై వచ్చింది. నేను తీసుకున్నాను.

ఆ రోజు నుంచీ ఒకటే ఆలోచన. మదాం దగ్గర ఏమీ లేదన్నది ఊరి పడవల కోసమేనా, లేక లోపలెక్కడో దీనికోసమా? ఈ పాస్‌పోర్టు సంగతి అప్పటికి నాకు తెలీదు. కానీ ఆశ ఉండి ఉంటే? ఎంత తవ్వినా తేలడం లేదు. నీకు తేలితే నువ్వు చెప్పు, ఏమన్నా పడతాను. రాకముందే చెప్పాలనిపించి రాస్తున్నాను, వచ్చాక నీ మొహం చూస్తే చెప్పలేను.

వచ్చి ఊరుకోను. తిజానీ గారు ఇంకా లోపలే ఉన్నారు. వచ్చే ఎన్నికలకి నీ జాబితాలో రెండో పేరు ఖాళీ ఉంచు. ఎర్ర కాగితాలు ఏం చెయ్యాలో ఈలోగా నువ్వు ఆలోచించి పెట్టు, లెక్కల టీచరువి.

అత్తకి ఇప్పుడే చెప్పకు. ఒక పొద్దున మళ్ళీ ఆమె అంతట ఆమె కల చెప్పేదాకా ఆగు. చెప్పిన రోజు, రొట్టె తుంచకముందే, ఇది చదివి వినిపించు. పడవల రేవు నుంచి రోడ్డు మీద రాను. నీరు తీసే వేళ చూసుకుని కంచె వెంబడి వస్తాను. బూట్లు చేతిలోనే పట్టుకుంటాను, ఈసారి నా మొహం చూడమను.

మోంజీ